గడిలో పట్టని మాట

మొన్న ఆదివారం పొద్దున్న మినప్పప్పు కడుగుతుంటే ఫోన్ మోగింది. తడి వేలితోనే ఎత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. రికార్డు చేసిన ఆడగొంతు, పెళ్ళికి పిలుస్తున్నంత ఉత్సాహంగా ఉంది. సమాజంలో ముఖ్యమైన విషయాల మీద నా అభిప్రాయం కావాలంది. మూడో ప్రశ్నకే, "మీ కుటుంబంలో ఎవరైనా వేరే కులం వారిని పెళ్ళి చేసుకుంటే మీకు సమ్మతమేనా? అవును అయితే ఒకటి, కాదు అయితే రెండు నొక్కండి" అని అడిగింది. నా చేతినిండా పప్పు పొట్టు. తుడుచుకునేలోపు అదే ప్రశ్న మళ్ళీ అడిగి, రెండు క్షణాలు ఆగి, ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. ఆ రెండు క్షణాలు నన్ను రోజంతా కుదురుగా ఉండనివ్వలేదు. ఇదే ప్రశ్న ఒకప్పుడు నేను ఎన్ని గుమ్మాల్లో నిలబడి అడిగానో లెక్కలేదు. అడిగాక ఎంతసేపు ఆగాలో నాకు నేర్పిన మనిషి వరహాలమ్మ గారు. ఆవిడ గురించి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నా గురించి కూడా చెప్పాలి, అందుకు.

అవి తొంభైల చివరి రోజులు. డిగ్రీ అయిపోయి నర్సీపట్నంలో ఇంట్లోనే ఉన్నాను. మా నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు వాళ్ళకు నచ్చే మాట ఏదో చూసుకుని చెప్పడం ఆయనకు ఉద్యోగం నేర్పిన విద్య. ఒకరోజు ఆయనే వచ్చి, పట్నం నుంచి సర్వే కంపెనీ వాళ్ళు చదువుకున్న ఆడపిల్లల కోసం చూస్తున్నారని చెప్పాడు. ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర్లో, ఎరువుల దుకాణం మీద ఒక గది వాళ్ళ ఆఫీసు. మెట్లెక్కుతుంటే యూరియా వాసన గొంతులో దిగేది. మా సూపర్‌వైజరు వరహాలమ్మ గారికి అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, నేత చీర, రబ్బరు చెప్పులు, చంకలో నల్ల గొడుగు. ఎస్సీ పేటలో పుట్టి, పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్తను పోగొట్టుకుని, కుట్టుపని చేసుకుంటూ ఇంటర్ దాకా చదువుకున్నారు. వయోజన విద్య కేంద్రంలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పిన అనుభవం చూసి కంపెనీ వాళ్ళు ఆవిడను తీసుకున్నారు.

పని చూడటానికి చాలా సులువు. ఫారంలో ప్రశ్న చదవాలి, ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని బట్టి గడిలో టిక్కు పెట్టాలి. ఆడపిల్లను పై చదువుకు పంపాలా? భార్య మాట వినకపోతే భర్త కొట్టవచ్చా? భర్త పోయిన ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా? కులం కాని పెళ్ళికి ఒప్పుకుంటారా? మొదటిరోజే నేను ఫారం మొత్తం గడగడా చదివేశాను. వరహాలమ్మ గారు నవ్వలేదు, కోప్పడలేదు.

"ప్రశ్న సదివేక నోరు ముయ్యాలి రత్నం. నీ మొకంలో జవాబు కనపడకూడదు. మనిషి మొదట సెప్పేది ఊరు సెప్పమన్నది. నువ్వు ఊరుకుంటే రెండోది వస్తాది. అది ఆళ్ళది."

"రాకపోతేనండీ?"

"రాకపోతే 'తెలీదు' అని గడుంది గదా. దాన్ని చిన్నసూపు సూడకు. తెలీదనడానికి ధైర్యం కావాల."

గొలుగొండ రోడ్డులో ఒక ఊళ్ళో, చెరకు తోటలున్న ఒక పెద్దాయన ఇంటి అరుగు మీద ఆవిడతో కలిసి కూర్చున్న రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. ఆయన మమ్మల్ని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. కులాల గురించి అడిగితే గుండె మీద చెయ్యి వేసుకుని, "మనుసులంతా ఒకటేనండీ. ఎవుల్ని కోసినా రగతం ఎర్రగానే ఉంటాది" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. సంతోషంగా టిక్కు పెట్టాను. ఫారం అయిపోయాక ఆయన, "ఇంతకీ మీరేటోళ్ళండీ?" అని మా కులాలు అడిగాడు. నేను చెప్పాను. వరహాలమ్మ గారు కూడా గొంతు తగ్గించకుండా చెప్పారు. అప్పటికే ఆయన భార్య రెండు స్టీలు గ్లాసులతో మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఆమెవైపు ఒక్కసారి చూశాడు. ఆమె వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. నాకు స్టీలు గ్లాసు. ఆవిడకు ప్లాస్టిక్ గ్లాసు.

ఆవిడ నీళ్ళన్నీ తాగారు. ఖాళీ గ్లాసును నలిపి, ఆ ఇంటి వాకిట్లో పడెయ్యకుండా తన సంచిలో వేసుకున్నారు. రోడ్డెక్కాక నేను ఆగలేకపోయాను. "ఆ జవాబు కొట్టేద్దామండీ. ఆయన చెప్పింది అబద్ధం."

"అబద్ధం కాదు. మనిసి ఎలగుండాలో ఆయనకి తెలుసు. తనెలగున్నాడో తెలీదు. మొదటిది అడిగేం, రాసుకున్నాం."

"మరి రెండోది?"

"దానికి గడి లేదమ్మా," అని గొడుగు విప్పుకున్నారు. ఎండ అంత లేదు. ఆ తర్వాత నర్సీపట్నం వచ్చేదాకా ఆవిడ బస్సు కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

ఇంత చూశాక కూడా నేను దొంగపని చేశాను. వానాకాలంలో ఒకసారి కొండ దిగువనున్న చిన్న గూడేనికి నన్ను ఒక్కదాన్నే పంపారు. బస్సు దిగాక ఇంకా చాలా దూరం నడవాలి. వాన వదలడం లేదు. బస్సు షెల్టరులోనే కూర్చుని, ఆ గూడేనికిచ్చిన అయిదు ఫారాలూ నేనే నింపేశాను. ఊళ్ళో వాళ్ళ పేర్ల జాబితా చేతిలో ఉంది, వయసులు ఉన్నాయి, జవాబులే కదా. మర్నాడు వరహాలమ్మ గారు ఫారాలు ఒక్కొక్కటే తిరగేశారు. అయిదో దాని దగ్గర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈళ్ళు అయిదుగురూ ఒకే నోటితో మాటాడతన్నారేటి రత్నం?"

నేను తలదించుకున్నాను.

"అందరూ పిల్లల్ని పై సదువుకి పంపుతామన్నారు. ఎవులూ ఎవుల్నీ కొట్టరు. బానే ఉంది. ఇది నీ మనసు. నీ మనసు మంచిదే. ఆళ్ళ పేరు మీద ఎందుకు రాసేవు?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆవిడ ఆ ఫారాలు చించి, కొత్తవి చేతికిచ్చి, "పద" అన్నారు. ఇద్దరం బురదలో నడుచుకుంటూ వెళ్ళాం. ముందురోజు నేను 'ఆడపిల్లను హైస్కూలుకు తప్పకుండా పంపుతాను' అని ఎవరి పేరున రాశానో ఆ మనిషి గుడిసె ముందు చింతపండు గింజలు తీస్తోంది. వేళ్ళు ఆపకుండానే ప్రశ్న వింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. చాలాసేపటికి ఆమె తలెత్తి, "పంపాలా అని అడగతన్నారు. ఎక్కడికో సెప్పండి. ఈ దిక్కున బడెక్కడుంది?" అంది. నాకు ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియలేదు. వరహాలమ్మ గారు నా వెనకనుంచి, "పక్కన రాసీ. ఆమె అన్న మాట అన్నట్టే రాసీ" అన్నారు. ఆ మార్జిన్‌లో నేను రాసిన ఒక్క వాక్యం, అంతకుముందు నెలల తరబడి పెట్టిన టిక్కులన్నిటికంటే బరువుగా అనిపించింది. తిరిగివస్తూ క్షమించమని అడిగాను. "నన్నెందుకు? నువ్వు పేర్లు వాడుకున్నది ఆళ్ళవి" అన్నారంతే. ఆ సంగతి కంపెనీకి చెప్పలేదు. నాతో కూడా మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు నర్సీపట్నంలో మా వీధే శాంపిల్‌లో పడింది. చీటీలో మా ఇల్లు వచ్చింది. ఎవరింట్లో వాళ్ళు అడగకూడదన్నది నియమం. వరహాలమ్మ గారే వెళ్ళారు, మా నాన్నను అడిగారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన నేను ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి గ్లాసులు లెక్కపెట్టాను. ఒకటి తక్కువ. పెరట్లో బట్టలుతికే బండ పక్కన విడిగా బోర్లించి ఉంది. అమ్మ నన్ను చూసి, "ఏటే, ఏటి ఎతుకుతున్నావు?" అంది. ఏమీ లేదన్నాను. ఆ గ్లాసును తీసి లోపల పెట్టే ధైర్యం నాకా రోజు లేకపోయింది. మర్నాడు ఆఫీసులో వరహాలమ్మ గారి ముఖంలోకి చూడలేకపోయాను. ఆవిడ ఎప్పటిలాగే నా ఫారాలు సర్ది ఇచ్చారు.

నా అసలు ఆత్రం వేరే ఉంది. మా ఫారాలన్నీ జెరాక్సు తీసే షాపు శ్రీనుది. ఏడాదిగా కాగితాల వేడిలో మొదలైన మాటలు పెళ్ళి దాకా వచ్చాయి. అతనిది మా కులం కాదు. మాకంటే తక్కువని ఊరు లెక్కగట్టిన కులం. ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నిద్రపట్టడం లేదు. మా నాన్న ఆ ప్రశ్నకు ఏం చెప్పాడో తెలిస్తే చాలు, దాన్నిబట్టి అడుగు వేద్దామనుకున్నాను. ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు వరహాలమ్మ గారి దగ్గర ఏడ్చినంత పనిచేశాను.

"ఒక్క మాటండీ. అవునన్నాడా, కాదన్నాడా?"

"సెప్పను."

"నా జీవితమండీ ఇది."

"అందుకే సెప్పను. ఆ మాట మీ నాన్నగారు నన్ను నమ్మి సెప్పేరు. నీ కోసం బయటపెడితే, రేపు ఇంకొకరి కోసం పెడతాను." కాస్త ఆగి, నా జడ సరిచేస్తూ అన్నారు: "నువ్వు ఇన్ని ఇళ్ళలో అడిగేవు గదా. మీ ఇంట్లో అడగడానికి నన్నెందుకు అడ్డం పెట్టుకుంటావు? ఎల్లు. బేగి ఎల్లు, ధైర్యం సల్లారకముందే."

ఆవిడ మీద అప్పుడు వచ్చినంత కోపం నాకు ఎవరిమీదా రాలేదు. ఆ కోపంతోనే ఇంటికి వెళ్ళాను. నాన్న వాకిట్లో సైకిలు తలకిందులుగా నిలబెట్టి చైనుకు నూనె వేస్తున్నాడు.

"నాన్నా, సర్వేకి వచ్చినావిడ కులం కాని పెళ్ళి గురించి అడిగేరు గదా. నువ్వేటి చెప్పేవు?"

"ఒప్పుకుంటానని సెప్పేను," అన్నాడు వెంటనే. నేను ఏమీ అనలేదు. పెడలు తిప్పాడు. చక్రం గిర్రున తిరిగి, నెమ్మదించి, ఆగింది. అప్పుడు నావైపు చూశాడు. "ఆవిడ లోకం గురించి అడగతన్నాదనుకున్నాను. మనింటి గురించి అనుకోలేదు. ఎవరు?"

చెప్పాను. నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, మరక పోయాక కూడా.

"కోపం లేదు రత్నం. బయమేస్తన్నాది. రేపు ఆఫీసులో నలుగురూ నా మొకంలోకి ఎలగ సూస్తారో అని."

కోపమైతే ఎదురు నిలబడి ఉండేదాన్ని. భయం కాబట్టి, తలకిందులుగా ఉన్న సైకిలును తిప్పి నిలబెట్టి లోపలికి వెళ్ళిపోయాను. రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిన మా పెళ్ళికి అమ్మ వచ్చింది, వరహాలమ్మ గారు సాక్షి సంతకం పెట్టారు. నాన్న రాలేదు. సెలవు దొరకలేదని చెప్పమన్నాడట. కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం అమ్మను సైకిలు మీద ఎక్కించుకుని మా ఇంటికి వచ్చాడు. నేను కంచాలు తీస్తుంటే అమ్మ వంటింట్లోకి వచ్చి, "ఆయన తినొచ్చేరులే" అని చిన్నగా అంది. టీ ఇచ్చాను, తాగాడు. శ్రీనుతో వానల గురించి మాట్లాడాడు. అప్పటినుంచి అదే పద్ధతయింది. నాన్న వస్తాడు, టీ తాగుతాడు, వెళతాడు. శ్రీను ఏమీ అనేవాడు కాదు. నేను మాత్రం ఆ గ్లాసు కడిగిన ప్రతిసారీ లోపల రగిలేదాన్ని.

రెండువేల తర్వాత నాలుగైదేళ్ళకు కంపెనీలో కొత్త మేనేజరు వచ్చాడు. మన్యం వైపు ఊళ్ళనుంచి 'తెలియదు'లు మరీ ఎక్కువ వస్తున్నాయని, వాటితో రిపోర్టు రాయలేమని, మళ్ళీ వెళ్ళి అవునో కాదో చెప్పించమని అన్నాడు. మేమందరం తలూపాం. వరహాలమ్మ గారు కుర్చీలోంచి లేచి, "సెప్పించడానికైతే పోలీసులున్నారు గదండీ. మనమెందుకు?" అన్నారు. ఆ నెలాఖరుకు ఆవిడకు పని లేదన్నారు. ఆ స్థానం నాకిచ్చారు. నేను తీసుకున్నాను. షాపు సరిగా నడవడం లేదని, పాప పుట్టిందని నాకు నేను చెప్పుకున్న కారణాలు నిజమైనవే. ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళింది కూడా నేనే. రెండోసారి అడిగితే కొందరు అవునన్నారు, కొందరు కాదన్నారు. నన్ను తొందరగా పంపించెయ్యడానికి ఏదో ఒకటి అన్నారని నాకు తెలుసు. రాసుకున్నాను. రెండేళ్ళు అలా చేసి, తట్టుకోలేక మానేసి, ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేరాను.

వరహాలమ్మ గారు అప్పటికి యలమంచిలిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయి, మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చున్నారు. ఆవిడను చూడటానికి నాకు ముఖం చెల్లలేదు. చివరికి ఒక సెలవురోజు బస్సెక్కి వెళ్ళాను. నన్ను చూడగానే మిషను ఆపి, పక్కన పీట వేశారు. నేను చేసినదంతా చెప్పాను. "నువ్వు కాపోతే ఇంకొకరు సేసేవోరు," అన్నారు. అది ఓదార్పో, నిందో నాకు అర్థం కాలేదు. చాలాసేపు పాత ఊళ్ళ గురించి మాట్లాడుకున్నాం. లేవబోతూ, ఎందుకు తట్టిందో తెలియదు, అడిగాను.

"భర్త పోయిన ఆడమనిషి మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా అని మీరు అంతమందిని అడిగారు కదండీ. మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"నన్నా?" అని నవ్వారు. నవ్వు ఆగాక మిషను చక్రం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. "ఆయన పోయినప్పటికి నాకు ఇరవై రెండు. అప్పుడు ఎవులూ అడగలేదు. అప్పుడు అడిగితే ఒక జవాబు. ఇప్పుడు నువ్వడిగితే ఇంకొకటి. ఏది సెప్పమంటావు?"

"రెండూ చెప్పండి."

"బేగి సెప్పేది కాదమ్మా అది. నీ బస్సు టైమవుతున్నాది గదా. మళ్ళీ రా, సెప్తాను."

నేను గడియారం వైపు చూశాను. లేచాను. ఆవిడ నేర్పిన ఒకే ఒక్క పాఠాన్ని, ఆవిడ దగ్గరే, ఒక బస్సు కోసం మరిచిపోయాను. మళ్ళీ వెళ్ళాలని ప్రతి నెలా అనుకున్నాను. బడిలో పరీక్షలు, పాపకు జ్వరం, ఏదో ఒకటి. ఒక ఉదయం వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. వారం రోజుల జ్వరం, ఆసుపత్రి, అయిపోయింది. వెళ్ళేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నాకోసం ఏమైనా చెప్పారా అని అడిగాను. ఏమీ లేదంది.

తిరుగు బస్సులో ఒకచోట కూర్చోలేకపోయాను. సీటున్నా నిలబడే వచ్చాను. కాంప్లెక్సులో దిగి మా ఇంటికి కాకుండా నేరుగా నాన్న దగ్గరికి వెళ్ళాను. రిటైరైన మనిషి, మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"నాన్నా, మా ఇంట్లో అన్నం ఎందుకు తినవు?"

అమ్మ ఏదో అనబోయింది. చేత్తో వారించాను. నాన్న పేపరు మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు. నేను కదల్లేదు. ఎంతసేపయిందో తెలియదు.

"ఎప్పుడైనా పెట్టేవా?" అన్నాడు. "టీ ఇచ్చేవు, తాగేను."

మొదటిరోజు అమ్మ అన్న మాటను పట్టుకుని, ఇన్నేళ్ళూ ఆయన జవాబును నేనే రాసేసుకున్నాను. అలాగని ఆయన మాట పూర్తిగా నమ్మాననీ చెప్పలేను. అది ఎప్పటినుంచో ఆయన మనసులో ఉన్నదో, నేను అడిగినందుకు అప్పటికప్పుడు పుట్టినదో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఆ ఆదివారం నాన్న వచ్చినప్పుడు కంచం పెట్టాను. దాన్ని కాసేపు చూసి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. శ్రీను చేపల పులుసు వడ్డించాడు. నాన్న తలెత్తకుండా తిన్నాడు. సగంలో, "ఇంకొంచెం పులుసు" అన్నాడు. ఎవరినో ఉద్దేశించి కాదు, కంచంతో అన్నట్టు.

ఇప్పటికీ వచ్చిన ప్రతిసారీ అడుగుతాను, "అన్నం పెట్టనా నాన్నా?" అని. కొన్ని ఆదివారాలు పీట లాక్కుంటాడు. కొన్ని ఆదివారాలు, "తినొచ్చేనమ్మా" అంటాడు. ఎందుకో చెప్పడు. నేను గరిటె చేత్తో పట్టుకుని, ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడతాను.